చిన్న ఐటీ సంస్థ ఇస్తున్న వడ్డీలేని అప్పు

మాదాపూర్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో, విశాఖ ఎంవీపీ కాలనీలోనో పది పన్నెండు మందితో సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నవారిని కదిలిస్తే ముందుగా వినిపించేది వసూళ్ల సంగతి. పని దొరకడం లేదన్న బాధ కంటే, చేసిన పనికి డబ్బు చేతికి రావడం లేదన్న బాధే ఎక్కువ. ‘అకౌంట్స్‌లో ఉంది’, ‘వచ్చే సైకిల్‌లో పడుతుంది’, ‘పీఓ రెన్యువల్ కాలేదు’, ‘సార్ ఊళ్లో లేరు’... ఈ మాటల మధ్యే నెలలు గడిచిపోతాయి. ఒంటరిగా పనిచేసే ఫ్రీలాన్సర్‌ది ఇంకా కష్టం. అతని తరఫున ఫోన్ చేసి అడగడానికి మరో మనిషి ఉండడు. పగలు కోడ్ రాసి ఇచ్చినవాడే సాయంత్రం బాకీ అడగాలి. గట్టిగా అడిగితే తర్వాతి పని పోతుందేమోనన్న భయంతో ఆ మెయిల్‌ను నాలుగుసార్లు దిద్ది, చివరికి పంపకుండా ఊరుకుంటాడు.

ఐటీ గురించి మన రెండు రాష్ట్రాల్లో జరిగే చర్చంతా పెద్ద కంపెనీల క్యాంపస్‌ల చుట్టూ, కోట్ల పెట్టుబడి తెచ్చుకునే స్టార్టప్‌ల చుట్టూ తిరుగుతుంది. 2015లో మొదలైన టీ-హబ్ పేరు ఇంటర్ విద్యార్థికి కూడా తెలుసు. ఈ రెంటికీ మధ్య, ఎవరి పెట్టుబడీ అడగకుండా బిల్లుల మీదే బతికే చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. ఆసుపత్రికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కాలేజీకి ఫీజుల యాప్, చిట్‌ఫండ్ కంపెనీకి లెక్కల ప్యాకేజీ, అమెరికాలోని దుకాణానికి వెబ్‌సైట్ చేసి ఇచ్చేది ఇవే. ఇకముందు వీటి సంఖ్య పెరుగుతుంది. టీసీఎస్ 2025 జులైలో తన సిబ్బందిలో దాదాపు రెండు శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. నలభై దాటిన ప్రాజెక్టు మేనేజర్ ఉద్యోగం పోయాక మళ్లీ అదే హోదా దొరక్కపోతే కన్సల్టెంటుగానో, నలుగురిని కలుపుకొని చిన్న సంస్థగానో నిలబడాలని చూస్తాడు. ఉద్యోగం అడిగేవారు ఉద్యోగాలు ఇచ్చేవారిగా మారాలని ప్రభుత్వాలు చెబుతున్నది ఇలాంటివారికే. అలా మారినవారి బిల్లు ఎన్ని రోజులకు చెల్లుతుందన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా వినపడదు. నా దృష్టిలో చిన్న ఐటీ వ్యాపారం బతకడం, చావడం ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

తేదీల వారీగా చూద్దాం. ఒక చిన్న సంస్థ 5 లక్షల రూపాయల పని పూర్తిచేసి జూన్ 10న బిల్లు ఇచ్చిందనుకుందాం. 18 శాతం జీఎస్టీతో కలిపి 5.90 లక్షలు. జూన్ జీతాలు చట్టం ప్రకారం జులై 7లోగా చెల్లించాలి. బిల్లు మీద వేసిన 90 వేల జీఎస్టీ నెలవారీ రిటర్నుతో జులై 20లోగా కట్టాలి. సేవల మీద పన్ను బాధ్యత సాధారణంగా బిల్లు తేదీతోనే మొదలవుతుంది, డబ్బు వచ్చిందా లేదా అన్నది చూడరు. క్లయింటు ఇంకా రూపాయి ఇవ్వకపోయినా ఆ 90 వేలు యజమాని జేబులోంచి వెళ్లాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ, పైన లేటు ఫీజు. అటు క్లయింటు ఈ బిల్లును తన పుస్తకాల్లో ఖర్చుగా రాసుకుంటాడు, టీడీఎస్ కోత చూపిస్తాడు, 90 వేల ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకుంటాడు. డబ్బు మాత్రం అక్టోబరులో, అంటే 120 రోజులకు ఇస్తాడు.

ఈ నాలుగు నెలలూ ఎవరి డబ్బుతో ఎవరి వ్యాపారం నడిచింది? చిన్న సంస్థ పెద్ద సంస్థకు దాదాపు ఆరు లక్షలు వడ్డీ లేకుండా అప్పిచ్చింది. అందులో 90 వేలయితే, క్లయింటు కట్టాల్సిన పన్నును తాను ముందుగా ప్రభుత్వానికి కట్టి మరీ ఇచ్చిన అప్పు. ఈ లోటు పూడ్చడానికి యజమాని తన క్రెడిట్ కార్డు గీకుతాడు, ఇంట్లో బంగారం కుదువపెడతాడు. అప్పు ఇవ్వడమే వ్యాపారంగా ఉన్న బ్యాంకు ఇదే క్లయింటుకు అప్పివ్వాలంటే పూచీ అడుగుతుంది, నెలనెలా వడ్డీ వసూలు చేస్తుంది. చేతిలో ఏ పూచీ లేని పది మంది సంస్థకు ఆ రెండూ దక్కవు.

చట్టం లేక ఈ పరిస్థితి వచ్చిందా అంటే, అదీ కాదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లోనే వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు విషయంలో దాని 15వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే, సేవ స్వీకరించిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు. పర్చేజ్ ఆర్డర్ కింద చిన్న అక్షరాల్లో 90 రోజులని అచ్చువేసినా అది చెల్లదు. గడువు దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. ఒంటరి ఫ్రీలాన్సర్ కూడా ప్రొప్రైటర్‌గా ఆధార్, పాన్‌తో చిన్న సంస్థల నమోదుకు ఉన్న ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదై ఈ రక్షణ పొందవచ్చు.

సాఫ్ట్‌వేర్ వారికి ఈ చట్టంలో మరింత విలువైన మాట ఒకటి ఉంది. దాన్ని వాడుకునేవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. సిమెంటు బస్తా గోడౌన్‌లో దిగితే పని అయిపోయినట్టే. సాఫ్ట్‌వేర్ ఎప్పుడు పూర్తయినట్టు? గో-లైవ్ అయ్యాక కూడా ఒక బటన్ రంగు మార్చమంటారు, ఒక రిపోర్టు అదనంగా కావాలంటారు, స్కోప్‌లో లేని చేంజ్ రిక్వెస్ట్‌ను బగ్ అని పిలుస్తారు. సైన్-ఆఫ్ ఇవ్వలేదు కాబట్టి బిల్లు ప్రాసెస్ చేయలేమంటారు. వ్యవస్థ మాత్రం వారి ఆఫీసులో రోజూ పనిచేస్తూనే ఉంటుంది. ఈ ఎత్తును చట్టం ముందే ఊహించింది. సేవ అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే స్వీకరించినట్టే లెక్క. సంతకం కోసం ఎదురుచూడనక్కర్లేదు. నోటిమాటగానో, కాల్‌లోనో చెప్పిన అసంతృప్తి ఇక్కడ నిలవదు. అందువల్ల డెలివరీ రోజున ‘ఫలానా మాడ్యూళ్లు ఈ రోజు అప్పగించాం’ అని జాబితాతో పంపే ఒక్క మెయిల్, తర్వాత జరిగే సగం గొడవలకు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇంత మంచి చట్టం ఉండి కూడా వాడేవారు ఎందుకు తక్కువ? పైన చెప్పిన ఉదాహరణలోనే జవాబు ఉంది. బ్యాంకు రేటు 5.5 శాతం ఉంటే దానికి మూడు రెట్లు 16.5 శాతం. 5.90 లక్షలకు, గడువు దాటిన 75 రోజులకు వడ్డీ సుమారు 20 వేల రూపాయలు. ఆ 20 వేల కోసం ఏడాదికి 30 లక్షల పని ఇచ్చే క్లయింటు మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? బాకీల ఫిర్యాదులకు 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ వచ్చింది, వాటిని విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో ఆ గడువు దాటిపోతూనే ఉంటుంది. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలన్న నిబంధన బలమైనదే. అయితే అంతదూరం వెళ్లేవారు చాలావరకు ఆ క్లయింటుతో సంబంధం తెగిపోయిందని తేల్చుకున్నాకే వెళతారు. సంబంధం ఉన్నంతకాలం హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

రిజిస్ట్రేషన్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒప్పందం నాటికి నమోదు లేని సంస్థ తర్వాత నమోదై పాత సరఫరాలకు ఈ రక్షణ కోరలేదని 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో ధర్మాసనం ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. అది ఎలా తేలినా, మొదటి ఒప్పందానికి ముందే ఉద్యమ్ నంబరు తీసుకోవడంలో ఖర్చూ లేదు, నష్టమూ లేదు.

ఫిర్యాదు చేయడానికి జంకుతున్నారని గ్రహించే కాబోలు, కేంద్రం 2023 ఫైనాన్స్ చట్టంతో మరో దారి పట్టింది. అప్పటి ఆదాయపు పన్ను చట్టం 43-బి సెక్షన్‌కు హెచ్ క్లాజు చేర్చింది. ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోలేడు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు. ఆడిటర్ లెక్క చూసేటప్పుడే బాకీ బయటపడుతుంది. ఆలోచనగా ఇది సరైన దారి. అమలులో మాత్రం పెద్ద ఖాళీలు మిగిలాయి.

లాభాలు చూపి పన్ను కట్టే కంపెనీకే ఈ నిబంధన నొప్పి కలిగిస్తుంది. ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచే స్టార్టప్‌కు ఖర్చు ఈ ఏడాది చూపినా, వచ్చే ఏడాది చూపినా ఒకటే. చిన్న డెవలపర్ల బిల్లులు తొక్కిపట్టేవారిలో ఇలాంటి స్టార్టప్‌లు చాలా ఉంటాయి. తర్వాతి విడత పెట్టుబడి వస్తేనే మీ బిల్లు అని చెప్పే సంస్థకు ఈ నిబంధన అడ్డే కాదు. ప్రభుత్వ శాఖలు ఆదాయపు పన్నే కట్టవు కాబట్టి వాటికీ వర్తించదు. మార్చి 31 ఒక్కటే లెక్క కాబట్టి, ఏప్రిల్‌లో ఇచ్చిన బిల్లును మార్చి చివర్లో చెల్లించినా కొనుగోలుదారుకు నష్టం లేదు. దీనికి తోడు, ఈ రక్షణ కొందరు సరఫరాదారులకే ఉండడంతో ఉద్యమ్ నమోదు లేనివారి వైపు కొనుగోలుదారులు మొగ్గుతున్నారని 2024 ఆరంభంలోనే వ్యాపార సంఘాలు వాపోయాయి. రక్షణ పొందినవాడినే మార్కెట్ పక్కన పెట్టే పరిస్థితి వస్తే ఆ రక్షణకు అర్థం లేదు.

బిల్లులను వేలంలో డిస్కౌంట్ చేసి ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ వేదికలు 2017 నుంచి పనిచేస్తున్నాయి. టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలు 2025 మార్చి 31లోగా వాటిలో నమోదు కావాలని కేంద్రం ఆదేశించింది. నమోదైన ప్రైవేటు కంపెనీ ప్రతి బిల్లునూ అక్కడ అంగీకరించి తీరాలన్న నియమం లేనంతకాలం, దాని వల్ల పది మంది సంస్థకు ఒరిగేది కొంచెమే.

చట్టాలు మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? చిన్న సంస్థలు తమకున్న అతిపెద్ద బలాన్ని గుర్తించడం లేదని నా అభిప్రాయం. అది కాపీరైటు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కోవలోకి వస్తుంది. ఉద్యోగి రాసిన కోడ్ యజమానిది. బయట నుంచి కాంట్రాక్టు మీద పనిచేసిన స్వతంత్ర డెవలపర్ రాసిన కోడ్‌కు, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు, సాధారణంగా అతడే మొదటి హక్కుదారు. బదిలీ చెల్లాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన పత్రం ఉండాలి. కాబట్టి ఒప్పందంలో ‘పూర్తి సొమ్ము అందిన తర్వాతే హక్కులు బదిలీ అవుతాయి’ అన్న ఒక్క వాక్యం చేర్చుకుంటే, బాకీ ఉన్నంతకాలం క్లయింటు తనది కాని ఆస్తిని వాడుకుంటున్నట్టు అవుతుంది. పెద్ద కంపెనీల న్యాయ విభాగాలకు ఈ మాట విలువ బాగా తెలుసు. అందుకే వారు తయారుచేసి పంపే ఒప్పందాల్లో ‘కోడ్ పుట్టిన క్షణం నుంచే హక్కులు మావి’ అన్న తరహా నిబంధన ఉంటుంది. చిన్నవారు చదవకుండా సంతకం పెట్టేదీ దాని కిందే. సగం అడ్వాన్సు, మాడ్యూల్‌కో మైలురాయి, చివరి వాయిదా అందాకే సోర్స్ కోడ్ అప్పగింత అన్న పద్ధతులు అనుభవజ్ఞులు ఎలాగూ పాటిస్తారు. కొత్తగా మొదలుపెట్టినవారు అడ్వాన్సు అడిగితే అవమానంగా భావిస్తారేమోనని మొహమాటపడతారు. ఆ మొహమాటం వారికి చాలా ఖరీదైనది.

ఇలా నలిగిపోవడం మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలో తెలుగువారు నడిపే కన్సల్టెన్సీలదీ ఇదే ఇరకాటం. అసలు క్లయింటుకూ, కోడ్ రాసే ఇంజనీరుకూ మధ్య ప్రైమ్ వెండర్, కింద మరో వెండర్, వారి కింద చిన్న కన్సల్టెన్సీ ఉంటాయి. పైనుంచి డబ్బు కదిలితేనే కిందికి అందుతుంది. అయితే హెచ్1బీ ఉద్యోగికి పని లేక బెంచ్ మీద ఉన్నా జీతం ఆపకూడదని అక్కడ 1998లోనే చట్టం చేశారు. అది ఉద్యోగికి న్యాయమైన రక్షణే. పైనున్న వెండర్లు తమకు ఎప్పుడు చెల్లిస్తారన్నది మాత్రం చిన్న కన్సల్టెన్సీకి ఒప్పందంలో కుదిరినంతే. ఆ ఒత్తిడి తట్టుకోలేక కొందరు యజమానులు జీతాలే ఎగ్గొడితే, వీసా గడువుతో భయపడుతున్న మన పిల్లలు నోరు మెదపలేకపోయారు. అంటే చివరి మనిషికి హక్కు రాసి ఊరుకుంటే చాలదు. డబ్బు దిగివచ్చే ప్రతి మెట్టుకూ గడువు ఉండాలి.

ఆ దిశగా అక్కడ అడుగులు పడ్డాయి. న్యూయార్క్ నగరంలో 2017 మే నుంచి ఫ్రీలాన్సర్ల కోసం ప్రత్యేక చట్టం అమల్లో ఉంది. 800 డాలర్లు, ఆపైన విలువైన పనికి రాత ఒప్పందం తప్పనిసరి. అందులో తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి. ఎగ్గొడితే రెట్టింపు పరిహారం. డబ్బు అడిగినందుకు తర్వాతి పనులు ఇవ్వకుండా కక్ష సాధించడమూ చట్టవిరుద్ధమే. 2024 ఆగస్టులో ఆ రక్షణ న్యూయార్క్ రాష్ట్రమంతటికీ విస్తరించింది. మన దేశంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ కార్మికుడి నిర్వచనం విశాలమైనదే. యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే ఫ్రీలాన్స్ డెవలపర్ కూడా ఆ మాటల్లో ఇముడుతాడు. అగ్రిగేటర్ సంస్థలు సంక్షేమ నిధికి వాటా చెల్లించే ఏర్పాటూ అందులో ఉంది. చేసిన పనికి డబ్బు ఎన్నాళ్లకు రావాలన్న సంగతి ఆ కోడ్ పట్టించుకోలేదు. బీమా, పింఛను ముఖ్యమే, కానీ ఈ నెల ఈఎంఐ కట్టాల్సిన మనిషికి వాటికన్నా ముందు కావాల్సింది తన సొంత కష్టార్జితం.

ఏం చేయాలి? అడిగే భారం బాకీ రావాల్సినవాడి మీద నుంచి తీసేయాలి. బిల్లును క్లయింటు ఒప్పుకున్నాడా లేదా అన్నది తెలుసుకోవడానికి ప్రభుత్వానికి ఈరోజు కొత్త యంత్రాంగమేమీ అవసరం లేదు. జీఎస్టీ పోర్టల్‌లో 2024 అక్టోబరు నుంచి ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టం ఉంది. సరఫరాదారు ఇచ్చిన ప్రతి బిల్లునూ కొనుగోలుదారు అందులో అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు. ఏమీ చేయకపోతే అంగీకరించినట్టే. టీడీఎస్ కోసినట్టు సరఫరాదారు పన్ను ఖాతాలో కనబడిందంటే బిల్లు క్లయింటు పుస్తకాల్లోకి ఎక్కిందనే అర్థం. 45 రోజులు దాటిన బాకీల వివరాలను కంపెనీలు ఆరునెలలకోసారి కార్పొరేట్ వ్యవహారాల శాఖకు సమర్పించాలని 2019 నుంచి ఆదేశమూ ఉంది. పన్ను రాబట్టుకోవడానికి వాడుతున్న ఈ సమాచారాన్నే చిన్నవాడి డబ్బు రాబట్టడానికీ వాడాలి.

జీఎస్టీ నిబంధనల్లో ఇప్పటికే ఒక తాళం ఉంది. సరఫరాదారుకు 180 రోజుల్లోగా చెల్లించకపోతే కొనుగోలుదారు తాను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఒక కేంద్ర చట్టం 45 రోజుల్లో చెల్లించమంటుంటే, మరో కేంద్ర చట్టం 180 రోజుల దాకా క్రెడిట్ అనుభవించనిస్తోంది. సేవల బిల్లులకు ఈ 180ని 45కు తగ్గించాలి. సరఫరాదారు చిన్నవాడా పెద్దవాడా అన్న తేడా లేకుండా అందరికీ ఒకటే గడువు పెడితే, ఉద్యమ్ నమోదు ఉన్నవారిని తప్పించుకుని వేరేవారిని వెతుక్కునే అవసరమే ఉండదు. నష్టాల్లో ఉన్న స్టార్టప్‌కు కూడా క్రెడిట్ పోవడమంటే చేతిలో నగదు పోవడమే, కాబట్టి ఆదాయపు పన్ను నిబంధన చేరలేని చోటికి ఇది చేరుతుంది. పనిలో లోపాలున్నా డబ్బు కట్టాలా అని పెద్ద కంపెనీలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. 15 రోజుల్లో లోపమేమిటో రాసివ్వండి, ఆ బిల్లుకు గడువు ఆగుతుంది. రాయకుండా వాడుకుంటూ, నాలుగో నెలలో లోపాలు గుర్తు చేసుకునే వీలు మాత్రం ఉండకూడదు. జీఎస్టీ మండలిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ స్థానం ఉంది. ఐటీ ఎగుమతుల అంకెలను గర్వంగా చెప్పుకునే ఈ రెండు రాష్ట్రాలే ఈ ప్రతిపాదన తీసుకెళ్లాలి.

సేవల టర్నోవర్ 20 లక్షలు దాటక, జీఎస్టీ నమోదు అవసరం లేని ఫ్రీలాన్సర్‌కు ఈ క్రెడిట్ తాళం పనికిరాదు. అతని కోసం న్యూయార్క్ తరహా చట్టం కావాలి. ఒప్పందాల అంశం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి కేంద్రం కోసం ఎదురుచూడకుండా రాష్ట్రాలే చొరవ తీసుకోవచ్చు. నిర్ణీత మొత్తం దాటిన ప్రతి పనికీ రాత ఒప్పందం, 30 రోజుల గడువు, ఎగ్గొడితే రెట్టింపు, అడిగినందుకు పని మాన్పిస్తే జరిమానా అని నాలుగు పేజీల్లో రాయగలిగిన చట్టం అది.

దానికన్నా ముందు రెండు ప్రభుత్వాలూ తమ ఇల్లు సరిదిద్దుకోవాలి. శాఖల వెబ్‌సైట్లు, యాప్‌లు, డేటా ఎంట్రీ పనులు చేసిపెట్టిన చిన్న సంస్థలు బిల్లు టోకెన్ నంబరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాయి. బిల్లుల చెల్లింపు ఇప్పుడంతా ఆన్‌లైన్‌లోనే సాగుతోంది కాబట్టి ఏ బిల్లు ఏ రోజు వచ్చిందో, ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఆగిందో సర్వర్‌లో ఉంటుంది. ఐటీ పనుల బిల్లుల వరకైనా ఆ జాబితాను ప్రతి నెలా శాఖలవారీగా ప్రజల ముందు పెట్టాలి. 45 రోజులు దాటిన ప్రతి బిల్లుకూ 2006 చట్టం చెప్పిన చక్రవడ్డీని, ఎవరూ దరఖాస్తు పెట్టుకోకుండానే, అసలుతో కలిపి ఖాతాలో వేయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఆర్థిక శాఖ ఒక్క జీవో ఇస్తే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.